భరిణె మూత బిగువు

ఏటికొప్పాక కుంకుమ భరిణె మూత తీసి మళ్లీ పెట్టి చూడండి. మంచి పనివాడి చేతిదైతే మూత వదులుగా ఊగదు, అలాగని బలవంతం చేయనక్కర్లేదు. లోపలి గాలి కాస్త అడ్డుకుని, ఆఖరున మెత్తగా కూర్చుంటుంది. ఆ బిగువు చూసి అందరూ ఉలి పట్టిన చేతిని మెచ్చుకుంటారు. ఉలికి అందులో పాత్ర ఉంది గానీ, సగం సంగతి అంతకు చాలా ముందే తేలిపోయింది. కర్ర ఆరేటప్పుడు అన్ని వైపులా ఒకేలా కుంచించుకుపోదు. వయసు వలయాల వెంట ఎక్కువగా, వాటికి అడ్డంగా తక్కువగా తగ్గుతుంది. నిలువునా దాదాపు తగ్గనే తగ్గదు. పచ్చి కర్రని గుండ్రంగా చెక్కితే ఆ రోజుకి గుండ్రంగానే కనిపిస్తుంది, ఆరిన తర్వాత కోలగా మారుతుంది. అప్పుడు మూత ఒక వైపు పట్టేసి ఇంకో వైపు సందు వదులుతుంది. కొన్నవాళ్ల ఇంట్లో కొన్నాళ్లకి బయటపడే ఈ లోపం, కర్రని ఆరనివ్వకుండా తొందరపడిన రోజునే అందులో చేరిపోయింది.

ప్రోడక్ట్ డిజైన్ అనగానే స్కెచ్ పుస్తకం, కంప్యూటర్ తెర మీద తిరిగే మోడల్ గుర్తొస్తాయి. ఆకారం కుదిరితే డిజైన్ అయిపోయినట్టే, తయారీ సంగతి ఎవరో చూసుకుంటారు అనుకోవడం మామూలైపోయింది. జనం ఏళ్ల తరబడి దగ్గర ఉంచుకునే వస్తువులు ఆ దారిలో పుట్టడం చాలా అరుదు. ఒక వస్తువు మీద మమకారం నిలవాలంటే ఏ కర్ర, అది ఎంత ఆరింది, పైపూత ఏది, రంగు ఎక్కడిది, పాడైతే బాగుపడుతుందా లేదా అన్నవి ముందు తేలాలి. వీటిలో ఏదీ కొనేవాళ్ల కంటికి కనపడదు. అన్నీ ఆకారం తేలకముందే, లేదా ఆకారంతో పాటే నిర్ణయమైపోతాయి. డిజైనర్ కావాలనుకునే మనిషి దారి పనివాళ్ల షెడ్డు మీదుగానే వెళ్లాలని నేను వాదించేది అందుకే. ఆ వాదనకి ఏటికొప్పాక లక్క పని కంటే గట్టి ఆధారం తెలుగునాట నాకు కనిపించదు.

అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఈ ఊరి పనికి మూలం అంకుడు కర్ర. తెల్లగా, తేలికగా, సన్నని పోగుతో ఉండే ఈ కర్ర టేకులా గుమ్మాలకీ మంచాలకీ పనికొచ్చేది కాదు. బొమ్మకి కావలసిన గుణాలు వేరు. ఉలి తగిలినప్పుడు పీచు లేవకూడదు, అంచు చిట్లకూడదు, పసిపిల్లల చేతికి బరువు కాకూడదు, పైన వేసే రంగుని కర్ర రంగు మసకబార్చకూడదు. అంకుడు వీటన్నిటికీ సరిపోతుంది. కర్ణాటకలోని చన్నపట్న పనివాళ్లు కూడా ఇదే జాతి చెట్టుని ఎంచుకున్నారంటే, అది ఒక ఊరి అలవాటు కాదనీ, పని కోరిన లక్షణమనీ తెలుస్తుంది.

లక్క సంగతి ఇంకా ఆసక్తికరం. మోదుగ, రేగు వంటి చెట్ల కొమ్మల మీద చిన్న పురుగులు స్రవించే జిగురు ఇది. వేడి తగిలితే మెత్తబడుతుంది, చల్లారితే గట్టిపడుతుంది. నిప్పుల సెగ మీద దాన్ని మెత్తబరిచి, రంగు కలిపి, సాగదీసి మడిచి, మళ్లీ సాగదీస్తూ రంగంతా సమంగా పట్టాక కడ్డీలుగా చేసుకుంటారు. చెక్కిన బొమ్మ లేత్ మీద గిర్రున తిరుగుతుంటే పనివాడు ఆ కడ్డీని దానికి ఆనిస్తాడు. రాపిడిలో పుట్టే వేడికే లక్క కరిగి కర్రకి అంటుకుంటుంది. మొదట అది మచ్చలు మచ్చలుగా, గీతలు గీతలుగా ఉంటుంది. అప్పుడు మొగలి రేకుని మడిచి బొమ్మకి ఒత్తి పట్టి, ఈ కొస నుంచి ఆ కొసకి నెమ్మదిగా జరుపుతాడు. రేకు కింద లక్క మళ్లీ కాస్త కరిగి, పరుచుకుని, అద్దంలా నిగనిగలాడుతుంది. ఒత్తిడి చాలకపోతే పూత పొరలుగా నిలుస్తుంది, ఎక్కువైతే వేసిన లక్కే లేచి వచ్చేస్తుంది. కుంచె లేదు, ఘాటు వాసన వేసే ద్రావకం లేదు, ఆరడానికి వేచి ఉండే పని లేదు.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. తిరుగుతున్న వస్తువుకే ఈ పూత పడుతుంది కాబట్టి, గుండ్రంగా తిరగలేని రూపానికి ఈ పద్ధతిలో చోటు లేదు. పిల్లలు వంటాట ఆడుకునే లక్క పిడతలు, బొంగరాలు, భరిణెలు అన్నీ అలా వచ్చినవే. ఎడ్లబండి గానీ దేవుడి బొమ్మ గానీ చేయాలంటే గుండ్లు, శంకువులు, స్తంభాలుగా విడివిడిగా చెక్కి అతకాలి. ఆ బొమ్మల్లో కనిపించే నిండుతనం, కోణాలు లేని మెత్తదనం ఎవరో కాగితం మీద గీసుకున్న శైలి కాదు. కర్ర, లక్క, మొగలి రేకు కలిసి ఒప్పుకున్న ఆకారం అది. కొండపల్లి బొమ్మల్ని పక్కన పెట్టి చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది. అక్కడ తేలికైన తెల్ల పొణికి కర్రని ఉలితో చెక్కుతారు, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో చేతులూ కాళ్లూ అతుకుతారు, కుంచెతో రంగులు వేస్తారు. అందుకే కొండపల్లి బొమ్మ మనిషి ముఖంలో కవళికలు చూపించగలదు. ఏటికొప్పాక బొమ్మకి ఆ అవకాశం తక్కువ, చేతిలో పట్టుకున్నప్పుడు కలిగే హాయి మాత్రం దానిదే. పదార్థం తెలియని డిజైనర్ ఒకదాని గుణాన్ని రెండోదానిలో వెతికి రెండింటినీ చెడగొడతాడు.

రంగుల కథ ఈ వాదనకి మరింత బలమిస్తుంది. రసాయన రంగులు చవక, మెరుపు ఎక్కువ, కలపడం తేలిక. ఆ సౌకర్యానికి లక్క పని కూడా లొంగింది. అయితే బొమ్మ పసిపిల్లల నోట్లోకి వెళ్లే వస్తువు. సీసం వంటి భారలోహాలున్న రంగు అక్కడికి చేరితే రూపం ఎంత ముచ్చటగా ఉన్నా ఆ బొమ్మ విఫలమైనట్టే. లక్క బొమ్మల కళాకారుడు సి.వి.రాజు ఏటికొప్పాకలోనే ఉంటూ పనివాళ్లతో కలిసి పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల వంటి వాటి నుంచి తీసిన రంగులు లక్కలో నిలిచేలా ఏళ్ల తరబడి ప్రయోగాలు చేశారు. బట్టకి అద్దే రంగు పోగుకి పట్టుకుని నిలిస్తే చాలు. లక్కలో కలిపే రంగు వేడికి మాడకూడదు, జిగురులో సమంగా కలవాలి, రాపిడికి చెదరకూడదు. కాబట్టి అద్దకం వాళ్ల విద్యని ఉన్నదున్నట్టు తెచ్చుకుంటే సరిపోదు. ఏటికొప్పాక బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు, 2023లో రాజుగారికి పద్మశ్రీ వచ్చాయి. నా దృష్టిలో ఆ పని అసలు విలువ ఇంకోచోట ఉంది. పిడత రూపం అలాగే ఉంది, దానిలోపలి నిర్ణయం మారింది. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెడితే కొనేవాళ్లు తేడా పట్టలేకపోవచ్చు. నేను దాన్ని మొదటి తరగతి ప్రోడక్ట్ డిజైన్ అంటాను.

ఈ చూపు మన దేశంలో డిజైన్ చదువు పుట్టినప్పుడే ఉంది. భారత ప్రభుత్వం పిలుపు మీద వచ్చిన అమెరికన్ డిజైనర్లు చార్ల్స్ ఈమ్స్, రే ఈమ్స్ దంపతులు 1958లో ఒక నివేదిక ఇచ్చారు. అహ్మదాబాద్‌లో 1961లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ (ఎన్.ఐ.డి.) ఏర్పడడానికి అదే దారి వేసింది. దేశంలో తాము చూసిన వస్తువులన్నిటిలో వాళ్లు తలమానికంగా ఎంచింది ఏ గుడి శిల్పాన్నో పట్టుచీరనో కాదు, రోజూ నీళ్లకి వాడే లోటాని, అంటే మన చెంబు తోబుట్టువుని. దాన్ని కొత్తగా డిజైన్ చేయాలంటే ఏమేం ఆలోచించాలో వరసగా రాశారు. నిండుగా ఉన్నప్పుడూ ఖాళీగా ఉన్నప్పుడూ తూకం ఎలా ఉండాలి, తల మీదా నడుం మీదా ఎలా మోస్తారు, లోపల చేయి పెట్టి తోమడానికి మూతి చాలుతుందా, రాతి మీద పెడితే ఏం చప్పుడొస్తుంది, పాతబడ్డాక లోహానికి ఎంత విలువ మిగులుతుంది, దాన్ని ఒకరికి ఇవ్వడం ఎలా అనిపిస్తుంది. చప్పుడునీ, పాత సామాను ధరనీ, ఇచ్చిపుచ్చుకోవడంలోని సంతోషాన్నీ ఒకే జాబితాలో పెట్టిన ఆ తీరు చూడండి. ఆ రూపాన్ని ఏ ఒక్కరూ గీయలేదనీ, తరాల మీద ఎందరో కొద్దికొద్దిగా దిద్దుకుంటూ వచ్చారనీ వాళ్లు గుర్తించారు. డిజైన్ బళ్లలో ఆ పేజీ అందరూ చదువుతారు; అది కోరిన ఓపికని పాఠ్యప్రణాళికలో పెట్టడమే తక్కువ.

నా వాదనకి ఒక గట్టి అభ్యంతరం ఉంది. వస్తువు మీద ప్రేమ దాని తయారీ వల్ల రాదు, జ్ఞాపకం వల్ల వస్తుంది. అమ్మమ్మ ఇచ్చిందైతే సొట్టలు పడ్డ గిన్నె అయినా బంగారమే, ఇందులో డిజైనర్ చేసేదేముంది అని. జ్ఞాపకం పాత్రని నేను కాదనను. కానీ అది దేని మీదైనా నిలబడదు. మన ఇళ్లలో ఇత్తడి బిందెల మీద, ఆ తర్వాత స్టీలు సామాను మీద పేర్లు కొట్టించడం ఆనవాయితీ. పెళ్లికి ఎవరు పెట్టారో, ఏ తేదీనో చుక్కలు చుక్కలుగా చెక్కించేవారు. ప్లాస్టిక్ బకెట్ మీద అలా పేరు కొట్టించుకున్నవాళ్లు కనపడరు. స్టీలు గిన్నె ఫ్యాక్టరీలో అచ్చు పోసినట్టు వేలకొద్దీ వచ్చినదే అయినా, పేరుని మోయగలిగింది, మనవరాలి వంటింటిదాకా రాగలిగింది. అంటే జ్ఞాపకానికి ఒంట్లో సత్తువున్న వస్తువు కావాలి, ఆ సత్తువ డిజైనర్ చేతిలోనే ఉంది. ఈ ఉదాహరణ నా వాదనని ఒక హద్దులో కూడా ఉంచుతుంది. చేత్తో చేసినదే గొప్పదని నేననడం లేదు. ఫ్యాక్టరీ సరుకు కూడా ఆప్తం కావచ్చు, పదార్థాన్ని నిజాయితీగా ఎంచుకుని ఉంటే.

బాగుచేసుకునే వీలు కూడా ఈ సత్తువలో భాగమే. బొబ్బిలి వీణనే తీసుకోండి. పనస కర్రతో చేసే ఆ వీణ మీద మెట్లు మైనంలో కూర్చుంటాయి. వాడకంలో మైనం అరిగి, ఎండలకి జారి, స్వరం తప్పితే మైనం తీసి మళ్లీ మేళం కడతారు, అంటే మెట్లని స్వరానికి సరిగ్గా కూర్చోబెడతారు. మేకులతో బిగించేస్తే ఆ బాధ ఉండదనిపించవచ్చు, కానీ మారే వీలు లేని మెట్టు తప్పినప్పుడు వీణ మూలపడుతుంది. లక్కలోనూ అదే గుణం ఉంది. గీతలు పడ్డ భరిణెని మళ్లీ లేత్‌కెక్కించి లక్క తాకిస్తే పూత కొత్తదవుతుంది. లక్కకీ బలహీనతలున్నాయి. వేడి గ్లాసు పెడితే మచ్చ పడుతుంది, స్పిరిట్ తగిలితే కరుగుతుంది, పసుపు రంగు ఎండకి వెలుస్తుంది. డిజైనర్‌కి ఈ లోపాలు తెలిసి ఉండాలి, కొనేవారికి దాచకుండా చెప్పాలి. వేడి వస్తువు పెట్టే ట్రేకి లక్క పూత వేయడం సంప్రదాయాన్ని నిలపడం కాదు, దాని మీద నమ్మకాన్ని పోగొట్టడం.

రెండో అభ్యంతరం పనివాళ్ల వైపు నుంచి వస్తుంది: బయటి నుంచి వచ్చే డిజైనర్లు చేసేది మేలా, కీడా? ఈ ప్రశ్నకి కారణం ఉంది. కొద్ది రోజుల శిక్షణ శిబిరం పెట్టి, కొత్త నమూనాలు చేయించి, ఫొటోలు తీసుకుని వెళ్లిపోయే పద్ధతి చేతివృత్తుల ఊళ్లన్నిటికీ అలవాటైందే. కీచైన్లు, పెన్ స్టాండులు చాలావరకు అలా మిగిలాయి. అవి అమ్ముడుపోతాయి, పూట గడుస్తుంది, దాన్ని చిన్నచూపు చూడను. కానీ కీచైన్ తాళాలకి గీరుకుని నెలల్లో పూత పోగొట్టుకునే వస్తువు. లక్కకి అంతకంటే తగని పని ఉండదు. దీనికి మందు డిజైనర్‌ని ఊరికి రానివ్వకపోవడం కాదు. 2015లో ఆంధ్రప్రదేశ్‌కి కూడా ఎన్.ఐ.డి. వచ్చింది కాబట్టి, అంకుడు ఆరే కాలమంతా ఊళ్లో ఉండి, ఒక్క వస్తువునైనా ఇంట్లో వాడి చూసి, తప్పులు దిద్ది, రెండో విడత చేయించేలా అక్కడి విద్యార్థుల ప్రాజెక్టులు సాగితే చాలు. ఆ సమయంలో వాళ్లు నేర్చుకునేదే ఎక్కువగా ఉంటుంది, నేర్పేది తక్కువ.

ఇక ధర. సహజ రంగుల లక్క బొమ్మ కంటే ప్లాస్టిక్ బొమ్మ చవక, అందులో వాదించడానికేమీ లేదు. అన్ని ఇళ్లూ అన్ని బొమ్మలూ ఇలాంటివే కొనాలనడం అన్యాయం కూడా. అయితే ఆ ధరలో కర్ర ఆరబెట్టిన కాలం, రంగు తీసిన శ్రమ ఉన్నాయని కొనేవారికి తెలియాలి. బేరమాడి తగ్గించినప్పుడు తెగేది ముందు ఆ కనపడని పనులే. కేంద్రం 2021 నుంచి బొమ్మలకి నాణ్యత ముద్ర తప్పనిసరి చేసినప్పుడు, నమోదైన చేతివృత్తుల వారికీ భౌగోళిక గుర్తింపు ఉన్న బొమ్మలకీ మినహాయింపు ఇచ్చింది. చిన్న పనివాళ్ల మీద పరీక్షల ఖర్చు పడకుండా చేసిన మంచి పని అది. దాంతో భారం ఇంకోచోటికి మారింది. ముద్ర లేని చోట పనివాడి మాటే ముద్ర, కాబట్టి రంగులో ఏముందో చీటీ మీద రాసి అమ్మే బాధ్యత అమ్మేవాళ్ల మీద ఉంది.

అన్నిటికంటే ముందు తీరవలసింది కర్ర కొరత. అంకుడు చెట్టు నరికిన మోడు నుంచి మళ్లీ చిగురిస్తుంది, కానీ లావెక్కనివ్వకుండా కొడుతూ పోతే ఆ చిగుళ్లు లేత్‌కి పనికిరావు. నరికే వంతులు పెట్టి, చెరువు గట్లమీదా బంజర్లలోనూ అంకుడు నాటించి, అటవీ శాఖ పనివాళ్ల సంఘాలకి నేరుగా కర్ర అందించే ఏర్పాటు చేయాలి. ఈ బొమ్మల మీద పనిచేసే డిజైనర్ తన ప్రాజెక్టు నివేదికలో మొదటి అధ్యాయం దీని మీద రాయాలి, స్కెచ్‌లు రెండో అధ్యాయంలో పెట్టుకోవచ్చు.