ఏ షెల్ కోసమో ముందు చెప్పాలి

పటాన్‌చెరులోని ఇక్రిశాట్ సారథ్యంలో పనిచేసిన అంతర్జాతీయ బృందాలు 2011లో కంది జన్యుక్రమాన్ని, 2013లో శనగ జన్యుక్రమాన్ని వెలువరించాయి. కందిలో 48,680, శనగలో 28,269 జన్యువులు ఉంటాయని అంచనా కట్టాయి. జన్యుక్రమాల పనిలో ఎక్కడైనా ఒక ప్రోగ్రామ్ తేల్చిన ఫైళ్లను ఇంకో ప్రోగ్రామ్‌కు అందించే చాకిరీ చాలావరకు షెల్ స్క్రిప్టులదే. ఫ్యాక్టరీ సర్వర్‌లో రాత్రిపూట బ్యాకప్ తీసేదీ అదే తరహా స్క్రిప్టు. వీటిలో తప్పులు పట్టడానికి విడార్ హోలెన్ మొదలుపెట్టిన షెల్‌చెక్ ఉంది. అయితే స్క్రిప్టు ఏ షెల్ కోసం రాశారో చెప్పకుండా దాని తీర్పు అడగడంలో అర్థం లేదు.

ఎందుకంటే ‘ఎస్‌హెచ్’ అన్న పేరు అన్ని యంత్రాల్లోనూ ఒకే ప్రోగ్రామ్‌ను పిలవదు. రెడ్‌హ్యాట్ కుటుంబంలో ఆ పేరు వెనక ఉండేది బ్యాష్. ఉబుంటులో 2006 నుంచీ డ్యాష్. ‘ఎకో’ ఆదేశానికి ‘హైఫన్ ఇ’ తగిలించి డేటా ఫైలుకు శీర్షిక రాశారనుకుందాం. బ్యాష్ దాన్ని సూచనగా తీసుకుంటుంది. డ్యాష్ ఆ రెండు అక్షరాలనూ శీర్షికలోకే ఎక్కించేస్తుంది. స్క్రిప్టు ఆగదు, ఎర్రర్ రాదు, ఫైలు మాత్రం పాడవుతుంది. లక్ష్యం ఎస్‌హెచ్ అని తెలిస్తే షెల్‌చెక్ ఇక్కడ హెచ్చరిస్తుంది. బ్యాష్ అంటే ఊరుకుంటుంది. రెండూ సరైన తీర్పులే.

మామూలు స్క్రిప్టుకు మొదటి వరుసలో షెల్ పేరు చెప్పే షెబాంగే చాలు, దాన్ని యంత్రమూ చదువుతుంది, షెల్‌చెక్కూ చదువుతుంది. చిక్కంతా వేరే స్క్రిప్టులు లోపలికి లాక్కునే ఫంక్షన్ల ఫైళ్లతోనే. వాటిని నేరుగా నడపరు కనుక షెబాంగ్ ఉండదు. అక్కడ పైన ఒక హ్యాష్ గుర్తు పెట్టి ‘షెల్‌చెక్ షెల్=బ్యాష్’ అని ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే సరి. ఒక్కసారి పరీక్షకే అయితే కమాండ్‌లో ‘హైఫన్ ఎస్’ తర్వాత షెల్ పేరు ఇవ్వొచ్చు.

పనిముట్టే ఊహించుకోవచ్చు కదా అంటారు కొందరు. బ్యాష్‌కే చెందిన వాక్యం కనిపిస్తే అది బ్యాష్ స్క్రిప్టు కావచ్చు, ఎస్‌హెచ్ స్క్రిప్టులో దొర్లిన పొరపాటూ కావచ్చు; రాసినవాళ్ల ఉద్దేశం కోడ్‌లో కనిపించదు. అన్నీ ఎస్‌హెచ్‌లోనే రాస్తే గొడవే ఉండదన్న వాదనలో కొంత బలముంది. కానీ పేర్లలో ఖాళీలున్న ఫైళ్ల జాబితాను భద్రంగా మోయడానికి బ్యాష్ అర్రేలు ఎంతో సుఖం, వాటిని వదులుకోమనడం సబబు కాదు. అసలు ప్రమాదం మరోచోట ఉంది. ‘షెల్‌చెక్ షెల్=బ్యాష్’ అన్న వ్యాఖ్య షెల్‌చెక్‌కే తప్ప యంత్రానికి పట్టదు. షెబాంగ్‌లో ఎస్‌హెచ్ ఉంచి, హెచ్చరికలు పోవాలని కింద బ్యాష్ అని రాస్తే పరీక్ష నెగ్గుతుంది, ఉబుంటులో పని చెడుతుంది. జెడ్‌షెల్ స్క్రిప్టును బ్యాష్ అని నమ్మించడమూ అంతే; షెల్‌చెక్‌కు జెడ్‌షెల్ రాదు. కాబట్టి స్క్రిప్టును నిజంగా ఏ షెల్ నడుపుతుందో ముందు తేల్చుకోండి, ఆ పేరే రాయండి.