పత్రిక విలువకు కొలబద్ద

ఒక సమాజశాస్త్ర పత్రికలోని పరిశోధన ఎంత ప్రభావము చూపుచున్నదో అంకెలలో చెప్పవచ్చునా? చెప్పవచ్చునని అనేకుల నమ్మకము. ఆ అంకెకు ఇంపాక్ట్ ఫాక్టర్, అనగా ప్రభావ గుణకము, అని పేరు. ఒక వ్యాసమును తరువాత ఎవరెవరు ఉదహరించినారో చూపు సూచిక ఉండవలెనని అమెరికా దేశస్థుడు యూజీన్ గార్ఫీల్డ్ 1955లో ప్రతిపాదించినాడు. ఆ సూచికలో చేర్చదగిన పత్రికలను ఎంచుకొనుటకు ఈ గుణకము పుట్టినది. పండితుల ప్రతిభను తూచుటకు కాదు.

దీనిని లెక్కకట్టుట సులభము. ఒక పత్రిక 2022, 2023 సంవత్సరములలో 40 వ్యాసములు ప్రచురించినదనుకొందాము. 2024లో వాటిని 30 మార్లు ఉదహరించినారు. 30ని 40చే భాగించగా 0.75 వచ్చును. అదే గుణకము. కాని ఆ 30లో 18 ఒకే వ్యాసమునకు దక్కినవనుకొనుడు. మిగిలిన 39 వ్యాసములకు వచ్చినవి 12 మాత్రమే. కావున కనీసము 27 వ్యాసములను ఆ ఏడు ఎవరును ఉదహరించలేదు. అయినను అందరు రచయితలును 0.75నే చెప్పుకొందురు. తరగతి సగటును చూచి ప్రతి విద్యార్థికిని అవే మార్కులు వేయు ఉపాధ్యాయుడు ఉండునా?

రెండవ లోపము గడువునకు సంబంధించినది. హైదరాబాదులో లింగంపల్లి వైపు పోవు రైలుకు బోరబండ తరువాతి స్టేషను హైటెక్ సిటీ. అచ్చటి అద్దాల మేడలలో కాపలా కాయువారు, ఊడ్చువారు, కార్లు నడుపువారు బోరబండ వంటి బస్తీలలో ఎట్లు బ్రతుకుచున్నారో తెలిసికొనుటకు ఇల్లిల్లు తిరిగి, నమ్మకము సంపాదించి, ఓపికతో వినవలెను. అట్టి వ్యాసమును చదివి మరియొకరు మరియొక బస్తీలో పరిశోధించి అచ్చు వేయించులోపల రెండేండ్లు గడచిపోవును. ఆ ఉల్లేఖనము లెక్కకు రాదు.

ఇక గ్రంథముల సంగతి. ఉస్మానియా విశ్వవిద్యాలయమున పనిచేసిన ఎస్. సి. దూబే, హైదరాబాదు సమీపమందలి శామీర్‌పేటను పరిశీలించి వ్రాసిన ‘ఇండియన్ విలేజ్’ కూడ 1955లోనే వెలువడినది. సమాజశాస్త్రజ్ఞులు నేటికిని దానిని చదువుచున్నారు. అయితే అది గ్రంథము. దాని కీర్తి ఏ పత్రిక గుణకమునకును చేరదు. తెలుగులో వ్రాసిన పరిశోధన మరింత మరుగున పడును. ఈ సూచికలలో ఇంగ్లీషు పత్రికలదే పెద్ద పాలు.

అట్లని ఉల్లేఖనములను లెక్కించుట వ్యర్థము కాదు. 1952లో ఆరంభమైన ‘సోషియలాజికల్ బులెటిన్’ వంటి పత్రికలోని భావము ఎంతదూరము ప్రయాణించినదో వాటివలననే తెలియును. గుణకమును పెట్టి మనుషులను కొలుచుటలోనే దోషమున్నది. 2012లో శాన్ ఫ్రాన్సిస్కోలో కూడిన సంపాదకులు, ప్రచురణకర్తలు సిద్ధపరచి, మరుసటి సంవత్సరము ప్రకటించిన పత్రము కూడ ఇదే చెప్పినది.

బోరబండలో రెండేండ్లు తిరుగుటకంటె త్వరగా ఉదహరింపబడు విషయము వ్రాయుటే లాభమని యువ పరిశోధకుడు తలచినచో, నష్టపోవునది బోరబండ.

ఉపాధ్యాయులు పై లెక్కలో మధ్యగతమును కూడ విద్యార్థులచే కట్టించవలెను. అది సున్న.