వేసవి, వెస్నా, యాసంగి: ధ్వనిసామ్యం – నిరుక్తి

రష్యన్‌లో వసంతానికి ‘వెస్నా’ అని పేరు. సంస్కృత ‘వసంత’, లాటిన్ ‘వేర్’, వేసవి అనే అర్థంలో లిథువేనియన్ ‘వాసర’ దానికి జ్ఞాతులు. వీటన్నిటికీ ఇండో-యూరోపియన్ మూలరూపం ‘వెస్-’ అని పునర్నిర్మించారు. మన ‘వేసవి’ని కూడా ఈ పంక్తిలో కూర్చోబెట్టాలనిపించడం సహజమే. కాని కన్నడ ‘బేసగె’ అందుకు ఒప్పుకోదు. వేరు–బేరు, వేట–బేటె వలె వేసగి–బేసగె నియత ధ్వని పరిణామం. తమిళ ‘వేనిల్’నూ కలిపి చూస్తే, కాలుట అనే అర్థంగల ‘వే’ ధాతువు తేటపడుతుంది. వేడి, వేగు, వేచు దాని సంతతే. వసంతంతో పోలిక యాదృచ్ఛికం.

అసలు చిక్కు ‘యాసంగి’లో ఉంది. వేప–యాప, వేట–యాట చూసినవారికి వేసంగి–యాసంగి రూపం వింత కాదు. దీనిని అపభ్రంశమని తోసివేయడం పండితుల అలవాటు, అంతే. అర్థమే విచార్యం: చలికాలంలో వేసే పంటకు ఎండకాలపు పేరేమిటి? ‘రబీ’ని చూడండి. అరబ్బీలో దాని అర్థం వసంతం, ‘ఖరీఫ్’ శరత్తు. విత్తిన కాలాన్ని బట్టి కాక, కోతకాలాన్ని బట్టి పంటకు పేరు. యాసంగిదీ అదే తర్కమని నా ఊహ.

తెలంగాణ ప్రభుత్వ వ్యవసాయ పత్రాలలో ఈ మాట నేడు రబీ స్థానంలో నిలిచింది. తోటభూమిని తెలిపే పేరుగల ఉప్పల్ భగాయత్ మాత్రం ఇళ్ల ప్లాట్లయింది. పక్కన నాచారం పారిశ్రామికవాడ. పంట పేరుగా యాసంగిని పలికిన వృద్ధులనుండి ఇక్కడి ప్రయోగాలను ముందుగా సేకరించాలి. నిఘంటువులో దానికి ‘వేసంగి చూ.’ అన్న సూచిక చాలదు. పంట అనే అర్థంతో ప్రత్యేక ఆరోపం కావాలి.