సముద్రాశ్వముల తొట్టి: ఏ వడపోత తగినది?

సముద్రాశ్వము పేరునకే గుఱ్ఱము. నిజమునకది నిటారుగా ఈదు చిన్న చేప. తొట్లలోనే పుట్టి పెరిగిన సముద్రాశ్వములను ఇండ్లలో పెంచువారు అమెరికా, ఐరోపా ఖండములలో గలరు. వారికి తరచుగా లభించు సలహా యొకటి యున్నది: ఈ చేప చక్కగా ఈదలేదు కనుక నీరు నెమ్మదిగా నుండవలెను, అందుచే గాలిబుడగలతో నడచు చిన్న స్పంజి వడపోత చాలును. ఈ సలహాలో సగమే సత్యము.

పెరిగిన సముద్రాశ్వమునకు తోకరెక్క లేదు. వీపురెక్కను వేగముగా నాడించుచు మెల్లగా సాగును. కనుక ఉరవడిగల ప్రవాహము దానికి బాధాకరమే. కాని దానికి పళ్లును లేవు, జీర్ణాశయమును లేదు. గొట్టమువంటి మూతితో రొయ్యపిల్లలను మ్రింగును. ఆహారము పేగులగుండ త్వరగా దాటిపోవును. అందుచే దినమునకు పలుమారులు మేత వేయవలెను. విసర్జనము, మిగిలిన మేత కుళ్లి అమ్మోనియా పుట్టును. దానికి రంగు లేదు. అద్దమువలె తేటగానున్న నీరును విషమై యుండవచ్చును.

స్పంజిలో సూక్ష్మజీవులు నివసించి అమ్మోనియాను నైట్రైటుగను, నైట్రైటును నైట్రేటుగను మార్చును. ఈ క్రియ జరుపు సూక్ష్మజీవులను రష్యా శాస్త్రజ్ఞుడు వినోగ్రాడ్‌స్కీ 1890 ప్రాంతమున వేరుపరచి చూపెను. ఇది స్పంజి గుణము. చిక్కిన మలినము తొట్టినీటిలోనే యుండుట దాని దోషము. ఇల్లూడ్చి చెత్తను మూలన పోసినట్లే. ఇసుకక్రింది వడపోతలో ఈ దోషము మరింత హెచ్చు. తొట్టి వెలుపల నుంచు డబ్బావడపోత బలమైనదేగాని, తరచుగా కడుగకున్న నదియు కుళ్లునకు నిలయమగును.

నురుగుయంత్రము, అనగా ప్రోటీన్ స్కిమ్మరు, పని వేరు. మాంసకృత్తులు మున్నగునవి గాలిబుడగల నంటుకొని నురుగై పైనున్న గిన్నెలో చేరును. కుళ్లకమునుపే నీటినుండి తొలగిపోవును. అయితే పుట్టిన అమ్మోనియాను అది తీయలేదు. కనుక సూక్ష్మజీవులకు ఆశ్రయమగు రంధ్రములుగల రాళ్లును తోడుగా నుండవలెను. నీటిని పీల్చు గొట్టమునకు స్పంజి తొడిగిన చేప తోక చిక్కదు. తిరిగివచ్చు నీటిని పెక్కు రంధ్రములుగల గొట్టముద్వారా వదలినచో ఉరవడి తగ్గును. శుద్ధియు, నెమ్మదియు రెండును ఇట్లు సమకూరును. తుదకు మిగులు నైట్రేటు తగ్గుటకు అప్పుడప్పుడు కొంత నీటిని మార్చవలసినదే.

మన దేశమున సముద్రాశ్వములు 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో చేరినవి. వీనిని పట్టుటయు, అమ్ముటయు నేరము. కాని ఈ పాఠమునకు సముద్రాశ్వమే అక్కరలేదు. పాఠశాలలోని బంగారుచేపల తొట్టియందును ఈ నత్రజని మార్పులే జరుగును. మంచినీటిలో నురుగుయంత్రము మాత్రము సరిగా పనిచేయదు. నీరు తేటగా నున్నదా యని చూచి తృప్తిపడక, చేప విడిచినది ఎచ్చటికి పోవుచున్నదని విద్యార్థులు ప్రశ్నింపవలెను. వడపోతను ఎన్నుటకు అదియే సరియైన కొలత.