తూకం ముందా, నంబరు ముందా?

ఇంజన్ పనికి వచ్చిన కార్ల దగ్గర వినపడే ఒక మాట ఈ వారం మళ్లీ చిరాకు పెట్టింది: "పిస్టన్లు కంపెనీ సెట్టే కదండీ, ఇంకా తూచేదేముంది?" సగం నిజం కాబట్టే ఈ మాట ఇన్నాళ్లు నిలిచింది. ఒక పెట్టెలో వచ్చిన నాలుగు పిస్టన్లూ దాదాపు ఒకే బరువుంటాయి. కానీ పిస్టన్ ఒంటరిగా పరుగెత్తదు. రింగులు, గజన్ పిన్ను, కనెక్టింగ్ రాడ్ పై కొస దానితోపాటే పైకీ కిందికీ కొట్టుకుంటాయి. కొత్త పిస్టన్లను పాత రాడ్లకు తగిలించాక వాటిని సెట్టు అని ఏ పెట్టె మీది ముద్రా చెప్పలేదు, తక్కెడ చెప్పాలి.

ఒకటి రెండు గ్రాములకు ఇంత పట్టింపా అంటే, పాత పెట్రోల్ అంబాసిడర్‌లోని 1489 సీసీ ఇంజన్‌నే తీసుకుందాం. స్ట్రోకు 88.9 మిల్లీమీటర్లు. నిమిషానికి 4000 చుట్లు తిరిగేటప్పుడు పిస్టన్ పైకొసన ఆగి వెనక్కి మళ్లే క్షణంలో దాని మీద పడే త్వరణం భూమ్యాకర్షణకు దాదాపు వెయ్యి రెట్లు. అంటే ఒక్క గ్రాము అక్కడ కిలో బరువై లాగుతుంది. వేగం సగమైతే ఆ లాగుడు పావు వంతుకు పడిపోతుంది, రెట్టింపైతే నాలుగింతలవుతుంది. ఒక పిస్టన్ పాడైందని వేరే కంపెనీది తెచ్చి వేస్తే, అది ఇరవై గ్రాములు ఎక్కువుంటే, ప్రతి చుట్టుకీ ఇరవై కిలోల కుదుపు. ఆ ఇంజన్‌లో క్రాంక్‌ను పట్టి ఉంచేవి మూడే మెయిన్ బేరింగులు. రాడ్‌ను మొత్తంగా ఒకసారి తూచి ఊరుకున్నా చాలదు. పెద్ద కొస క్రాంక్‌తో గుండ్రంగా తిరుగుతుంది, చిన్న కొస పిస్టన్‌తో ఎగిరిపడుతుంది. అందుకని ఒక కొసను వేలాడదీసి, రాడ్‌ను అడ్డంగా మట్టంగా ఉంచి, రెండో కొసను తక్కెడ మీద ఆనించి, రెండు కొసలనూ విడివిడిగా తూచాలి. మొత్తం బరువు సరిపోయినా కొసలు తేడాగా ఉంటే ఆ రాడ్లు జత కుదిరినట్టు కాదు.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది. వరస నాలుగు సిలిండర్ల ఇంజన్ పుట్టుకతోనే కుదుపుతుంది. నాలుగు పిస్టన్లూ గ్రాము తేడా లేకుండా ఉన్నా, చుట్టుకి రెండుసార్లు వచ్చే ఒక బలం రద్దు కాకుండా మిగిలిపోతుంది. పిస్టన్‌తో కలిసి కదిలే బరువు అరకిలో చొప్పున వేసుకున్నా, ఇదే అంబాసిడర్‌లో 4000 చుట్ల దగ్గర ఆ బలం నాలుగు వందల కిలోలు దాటుతుంది. దాని పక్కన మూడు గ్రాముల తేడా తెచ్చే మూడు కిలోలెంత? చుట్టుకి ఒక్కసారే వచ్చే కుదుపును రబ్బరు మౌంటింగులు అంత బాగా ఆపలేవని జవాబివ్వొచ్చు, అది నిజమే. అయినా లెక్క ముందు తల వంచాల్సిందే. రోడ్డు మీద నడిచే కారు రెండు మూడు గ్రాములకు చెడిపోదు.

చెడగొట్టేది మరొకటి, దాన్ని ఏ తక్కెడా పట్టుకోలేదు. రాడ్ పెద్ద కొసను దాని క్యాప్ బిగించాకే బోరు చేస్తారు. ఆ రంధ్రం సొంత క్యాప్‌తోనే గుండ్రం. రెండో రాడ్ క్యాప్ మూడోదానికి వేస్తే, బరువు గ్రాము కూడా మారకపోవచ్చు. కానీ బేరింగ్‌కూ క్రాంక్‌కూ మధ్య ఆయిల్ నిలిచే సందే 0.05 మిల్లీమీటర్లకు అటూఇటూ. రంధ్రం వంకరపోతే ఆ సందు ఒక పక్క మూసుకుపోతుంది, ఆయిల్ పొర తెగుతుంది, షెల్ అరిగి రాడ్ కొట్టడం మొదలవుతుంది. పిస్టన్ సంగతీ అంతే. అది చూడ్డానికి గుండ్రం, నిజానికి కోడిగుడ్డు వాటం. పిన్నుకు అడ్డంగా, స్కర్టు దగ్గర కొలిచి, ఆ కొలతకే దాని సిలిండర్‌ను బోరు చేయించాలి. బోరింగ్ అయ్యాక తూకం కుదరలేదని పిస్టన్లను అటూఇటూ మారిస్తే, బరువు కలుస్తుంది, సందు చెడుతుంది.

పని వరసే పనితనం అని ఈ కాలమ్‌లో ఎన్నోసార్లు రాశాను, ఇక్కడా అదే. విప్పకముందే రాడ్‌కూ క్యాప్‌కూ ఒకే నంబరు ఉందో లేదో చూసి, లేకపోతే పంచ్ చుక్కలు కొట్టాలి. తర్వాత తూచి, బరువైన పిస్టన్‌ను తేలిక చిన్న కొస ఉన్న రాడ్‌కు జత చేయాలి. ఆ జత ఏ సిలిండర్‌దో రాసుకున్నాకే బోరింగ్‌కు పంపాలి. ఇంజన్ విప్పించే వాళ్లకు ఒక్క మనవి: మీ మెకానిక్‌ను తక్కెడ ఉందా అని తర్వాత అడగండి, నంబర్లు కొట్టారా అని ముందు అడగండి.