వెబర్ చూసిన చైనా యెవరిది?

మాక్స్ వెబర్ కన్ఫ్యూషియనిజం, దావోయిజాల మీద రాసిన అధ్యయనం మొదట 1915లో, పెంచిన రూపంలో 1920లో వొచ్చింది. చైనా భాష రాకుండా అనువాదాల ఆధారంతో రాశాడని చాలామంది యెత్తిచూపారు. మా ప్రశ్న అది కాదు. చైనా సమాజం గురించి చెప్పేప్పుడు ఆయన యెవరి మాట విన్నాడన్నదే మా ప్రశ్న.

వెబర్ వాదన తెలిసిందే. ప్యూరిటన్ మతం లోకాన్ని మార్చమంది. కన్ఫ్యూషియనిజం వున్న లోకానికి సర్దుకుపొమ్మంది. దావోయిజం మంత్రతంత్రాల్ని నిలబెట్టింది. రాజ్యం, వంశాల పట్టు వంటి కారణాలు చెప్పినా, పెట్టుబడిదారీ విధానం అక్కడ పుట్టకపోవటానికి చివరికి ఈ మనస్తత్వం దగ్గరే ఆగుతాడు.

ఐతే ఈ సర్దుబాటు యెవరిది? పరీక్ష రాసి అధికారి అయినోడిది. ఆ పరీక్షలు 1905లో రద్దయ్యేదాకా చదువుకి కులం లేదన్న పేరు చైనాకి వుంది. కానీ 'నీచజనం' అని ముద్రపడ్డోళ్ళకి ఆ గడప మూసేవుంది. జెజియాంగ్‌లో దువోమిన్లు పెళ్ళిళ్ళకీ చావులకీ వూడిగం చేసేవాళ్ళు. గ్వాంగ్‌డాంగ్‌లో పడవల మీద బతికే దాన్ జనానికి వొడ్డున యిల్లు కట్టుకునే హక్కు లేదు. యోంగ్‌జెంగ్ చక్రవర్తి 1723 నుంచి వరసగా ఫర్మానాలిచ్చి ఆ ముద్ర తీసేశాడు. 1771లో మళ్ళీ షరతు పెట్టారు: కొన్ని తరాలు గడిచాకే పరీక్ష. కాగితం మీద విముక్తి, గుమ్మం దగ్గర గొళ్ళెం. వీళ్ళనీ మన అంటరాని కులాలనీ వొకటే అనటం పొరపాటు. కానీ ఆ గొళ్ళెం చప్పుడు మాకు తెలుసు. మా యిళ్ళల్లో యూనివర్సిటీ మెట్లెక్కిన మొదటి తరం మేమే. వెబర్ విశ్లేషణకి వీళ్ళు కేంద్రం కాలేదు.

దావోయిజం సంగతీ అంతే. 184లో జాంగ్ జ్వే వెనక లేచిన పసుపు తలపాగాల రైతులకి మంత్రజలం రోగానికి మందు, కూడటానికి దారి. హాన్‌జోంగ్‌లో జాంగ్ లూ మనుషులు బాటసారుల కోసం సత్రాల్లో బియ్యం, మాంసం వుచితంగా వుంచారు. ఈ తిరుగుబాట్లు వెబర్‌కి తెలియనివి కావు. ఐనా ఆయన తూకంరాయి పెట్టుబడిదారీ నీతి. దానితో తూస్తే అన్నం పెట్టే సత్రం కూడా తేలిపోతుంది.

సి.కె. యాంగ్ 1961లో ఈ లోటు కొంత పూడ్చాడు. గుడి, సంఘం లేనిచోట కూడా మతం కుటుంబంలో, వృత్తిలో, రాజ్యంలో కలిసిపోయి వుంటుందని చూపాడు. మతానికీ తిరుగుబాటుకీ వున్న సంబంధాన్నీ పట్టించుకున్నాడు. ఐతే మతం సమాజాన్ని కలిపివుంచుతుందని అన్నప్పుడల్లా, యెవర్ని యే మెట్టు మీద వుంచి కలుపుతుందని మనం అడగాలి.

చైనా తర్వాత వెబర్ హిందూ, బౌద్ధ మతాల మీద రాశాడు. అవి మన క్లాసుల్లో యిప్పటికీ పాఠాలే. వెబర్‌ని చదవొద్దని మేం అనటం లేదు. పుస్తకం రాసినోళ్ళనే సమాజమనుకునే అలవాటు మాత్రం ఆయన దగ్గర నేర్చుకోవద్దు.