స్మృతిపేటిక నమర్చువాని నేర్పు

2003వ సంవత్సరమున లైవ్‌జర్నల్ సైటు భారమును తగ్గింపనెంచి బ్రాడ్ ఫిట్జ్‌పాట్రిక్ నిర్మించిన మెమ్‌క్యాష్‌డ్ అను సాధనము, డేటాబేసు మాటిమాటికిని వెదకి తీయవలసిన సమాధానములను ర్యామునందు నిలిపి, అడిగినంతనే అందించును. దానిని సర్వరున నెలకొల్పువాని నేర్పు, నా దృష్టిలో, గాదెలోని గింజల లెక్క నెరిగిన ఇల్లాలి వివేకమునకు తీసిపోనిది. స్వతస్సిద్ధముగా అది కోరునది 64 మెగాబైట్లే. దాని నెంతకు పెంచవలెనో నిర్ణయించుటకు ముందు, వెబ్ సర్వరునకును డేటాబేసునకును కావలసిన పాలు మిగిల్చి, ఒకరి ఆకలికై మరియొకరి విస్తరి లాగకుండ చూచుట ఆతని ప్రథమధర్మము. చోటు చాలనప్పుడు, చిరకాలముగా ఎవరును అడుగని వస్తువు సాధారణముగా ముందు తొలగిపోవును. అట్లు తొలగినవాని సంఖ్యను, అడుగగా దొరికినవాని సంఖ్యను స్థిమితముగా పోల్చి కొలత సవరించు ఆ ఓర్పును నేనెంతయు గౌరవింతును.

ఇక మెమ్‌క్యాష్‌డ్ వాడు 11211 పోర్టు సంగతి! 2018 ఫిబ్రవరిలో, బహిరంగముగా విడువబడిన ఇట్టి సర్వర్ల యూడీపీ మార్గమునే ఆయుధముగా చేసికొని దుండగులు గిట్‌హబ్‌పై సెకనుకు 1.35 టెరాబిట్ల ప్రవాహమును కురిపించిరి. కావున మెమ్‌క్యాష్‌డ్‌ను 127.0.0.1 అను స్వగృహపు చిరునామాకే కట్టివేసి, ఫైర్‌వాల్ బిగించి, సేవను మరల ప్రారంభించి, స్టాట్స్ అని అడిగి, వచ్చు అంకెలను రెప్పవేయక చదువుచు ఆతడు తెల్లవారుజాము దాక కూర్చుండును.